వెనక గేటు దగ్గర కూడా నిలబడు

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. చెత్తను డంపింగ్ యార్డుకు పోనివ్వకుండా కంపోస్టు చేసినందుకు ఇచ్చే కార్బన్ క్రెడిట్ల నిబంధనలను సమీక్షించే బృందంలో నిన్ను వేశారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. దిండంత ముసాయిదా చేతిలో పెట్టారట, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదన్నావట.

సూత్రాల జోలికి ఇప్పుడే వెళ్లకు. ఈ చెత్త కంపోస్టు ప్లాంటుకు రాకపోయి ఉంటే ఏమయ్యేదో రాసిన పేజీ ఏదో ముందు వెతుకు. క్రెడిట్ అంటే గాలిలోకి వెళ్లకుండా ఆపిన, భూమిని వేడెక్కించే వాయువుకు ఇచ్చే డబ్బు. చెత్త విషయంలో అది మీథేన్. వెళ్లి ఉండేది ఎంతో తప్పుగా రాసుకుంటే తక్కిన లెక్కంతా ఎంత పొందికగా ఉన్నా దండగే.

సీడీఎం (క్యోటో ఒప్పందం కింద ఐక్యరాజ్యసమితి నడిపిన కార్బన్ క్రెడిట్ల పథకం) నాటి లెక్క నీకు తెలిసిందే. గాలి తగలని చోట కుళ్లితేనే మీథేన్ వస్తుంది కాబట్టి మీథేన్ లెక్కను హెచ్చవేసే గుణకం యార్డును బట్టి మారుతుంది. చెత్తను అణచి, మట్టి కప్పి, పద్ధతిగా నడిపే చోట 1. ఆ నిర్వహణ లేకుండా 5 మీటర్లు, ఆపైన లోతుంటే 0.8. అంతకన్నా తక్కువైతే, నేలలో నీరు పైకే ఉంటే తప్ప, 0.4. అంటే టేపు ఎక్కడ పెట్టి కొలిచారన్న దాని మీద క్రెడిట్లు రెట్టింపవుతాయి. నేను చూసిన ఒక యార్డులో గుట్ట రోడ్డు వైపు తాటిచెట్టంత ఉంది, పొలాల వైపు నడుమెత్తు కూడా లేదు. నివేదికలో మాత్రం రోడ్డు వైపు ఫోటోనే. లోతు ఎన్ని చోట్ల కొలవాలో, ఎవరు కొలవాలో ముసాయిదాలో ఉందేమో చూడు.

ఆ గుట్టల మీద తడి చెత్తలో కొంత ఆవులు, పందులు తినేస్తాయి (ఆవు తిన్నా మీథేన్ వస్తుందనుకో, అది వేరే ఖాతా). అట్టపెట్టెలు ఏరుకునేవాళ్లు పట్టుకెళ్తారు. వేసవిలో నిప్పంటుకుంటే రోజుల తరబడి పొగ. కాలిపోయిన కాగితం ఇక కుళ్లదు కదా! ఇవేవీ తీసివేయకుండా, లారీలో వచ్చిందంతా కుళ్లిపోయేదే అని లెక్కగడితే ఒప్పుకోకు. ప్లాస్టిక్‌ను మళ్లించి మీథేన్ క్రెడిట్ అడిగేవాళ్లనైతే టీ ఇచ్చి పంపించు.

చట్టం సంగతి కాస్త చిక్కు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే కుళ్లే చెత్తను ల్యాండ్‌ఫిల్‌లో వేయవద్దన్నాయి. చేసి తీరవలసిన పనికి డబ్బెందుకు? అమలు కావడం లేదు గనుక అంటారు. నిజమే, కానీ ఎల్లకాలం నిజం కాదు. పాత సీడీఎం పద్ధతి ఒకదానిలో చట్టం అమలు సగం దాటితే క్రెడిట్లు ఆగిపోవాలని ఉండేది. అలాంటి షరతు ఇందులో లేకపోతే పెట్టమని గట్టిగా రాయి. లేదంటే చట్టాన్ని గాలికొదిలిన ఊరికే లాభం.

ఒక టన్ను మీథేన్ ఎన్ని టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమో చెప్పే అంకె ఏది వాడారో కూడా చూసుకో. ఒకప్పుడు 21, తరువాత 25, ఇప్పుడు 28. అదే చెత్తకు, అదనంగా చేసిందేమీ లేకుండా, 21 బదులు 28 వేస్తే క్రెడిట్లు మూడో వంతు పెరుగుతాయి.

ఇక కాటా. ఒక కంపోస్టు ప్లాంటు తనిఖీలో ముందు గేటు దగ్గర కాటా చీటీలు వరుసగా, తేదీలతో, చూడముచ్చటగా ఉన్నాయి. మధ్యాహ్నం మూత్రానికని వెనక్కు వెళితే, ఏరి పారేసిన చెత్తతో ట్రాక్టరు ట్రాలీలు పాత యార్డు దారి పడుతున్నాయి. తూకం లేదు, చీటీ లేదు. ఆ పూట వేపచెట్టు కింద కూర్చుని లెక్కపెడితే పదకొండు ట్రాలీలు. లోపలికి వచ్చిన బరువు మీదే క్రెడిట్లు అడిగారు! బయటికి పోయేది తూచాలన్న వాక్యం నీ ముసాయిదాలో లేకపోతే నీ మొదటి అభ్యంతరం అదే కావాలి.

తనిఖీకి వెళ్లే అవకాశం వస్తే వాన వెలిసిన మర్నాడు వెళ్లు. తూకంలో నీళ్లెంతో ఆ రోజు తెలుస్తుంది. కుప్ప దగ్గర పుల్లటి కంపు కొడితే సరిగా తిరగేయడం లేదని అర్థం, మీథేన్ అక్కడే పుడుతోంది. బూట్లు మరిచిపోకు.

మీ పెదనాన్న