ట్రైలర్ లాగే పికప్‌కి 230 డిగ్రీల క్యామ్ వద్దు

5.7 లీటర్ వీ8 పెట్రోల్ పికప్, వెనక బరువైన ట్రైలర్, ఎత్తు ఎక్కేటప్పుడు బండి నీరసపడుతోంది కాబట్టి 230 డిగ్రీల డ్యూరేషన్ (వాల్వ్ ఎంతసేపు తెరిచి ఉంటుందో చెప్పే కొలత) ఉన్న క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచే షాఫ్ట్) వేద్దామనుకుంటున్నాను అన్నారు కదా, దయచేసి అది వేయకండి. డ్యూరేషన్ పెరిగితే గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది, తక్కువ ఆర్‌పీఎంలో పిస్టన్ పైకి వస్తూ లోపలికి వచ్చిన గాలిలో కొంత వెనక్కి నెట్టేస్తుంది, అంటే మీకు బలం కావాల్సిన చోటే టార్క్ పోతుంది. 4,000 దాటాక బాగా లాగుతుంది నిజమే, కానీ లోడ్‌తో మీరు ఎక్కువసేపు ఉండేది 1,800 నుంచి 3,000 మధ్యలో.

మీ పనికి 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర (లిఫ్టర్ అంత ఎత్తు లేచిన చోటి నుంచి కొలిస్తే) ఇన్‌టేక్ డ్యూరేషన్ 200 నుంచి 210 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ (క్యామ్ మీది ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ఉబ్బుల మధ్య కోణం) 112 డిగ్రీల దగ్గర ఉన్నది చూడండి. ఐడిల్ కుదురుగా ఉంటుంది, బ్రేక్ నొక్కే బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ సరిపోతుంది, ట్రైలర్‌తో దిగుతున్నప్పుడు ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

వాల్వ్ స్ప్రింగులు ఆ క్యామ్ కంపెనీ చెప్పినవే వేయించండి. ఫ్లాట్ ట్యాపెట్ (రోలర్ లేకుండా లోబ్ మీద నేరుగా రాసుకునే లిఫ్టర్ రకం) అయితే లిఫ్టర్లు కూడా కొత్తవే, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, స్టార్ట్ అయిన వెంటనే 2,000 పైన 20 నిమిషాలు నడపాలి, లేకపోతే లోబ్ అరిగిపోతుంది.

ఇంతకీ మీ రియర్ యాక్సిల్ రేషియో (వెనక చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో) ఎంత? 3.08 లాంటిదైతే ముందు 3.73కి మార్చండి, క్యామ్ కంటే దాని తేడానే ఎక్కువ తెలుస్తుంది.