తమ్ముడూ, నీ కథలో ఆ నాయకుణ్ని తీసెయ్

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది, దాని గురించి టెన్షన్ పడకు. నా గొడవంతా మూడో పేజీలో మైకు పట్టుకుని ఊడిపడ్డ ఆ నాయకుడితోనే. 2016 ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్స్ ఆడవాళ్లు రోడ్డెక్కిన కథ రాస్తూ, ఒక మగాడి ఉపన్యాసం విని వాళ్లు బయటికొచ్చినట్టు రాశావేంటి? యజమాని కట్టే పీఎఫ్ వాటాని 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోవడానికి లేదని ఆ ఫిబ్రవరిలో కేంద్రం రూలు మార్చింది. పని మానేసినప్పుడు చేతికొచ్చే ఆ డబ్బుతో అప్పు తీర్చుదామనో, పిల్ల పెళ్లి చేద్దామనో లెక్కలేసుకున్న వాళ్లకి కడుపు మండింది. ఏప్రిల్ 18న ఏ కార్మిక సంఘమూ పిలుపివ్వకుండానే వచ్చి హోసూరు రోడ్డు ఆపేశారు, 19న కేంద్రం ఆ రూలు వెనక్కి తీసుకుంది.

రెండు రోజుల్లో ఢిల్లీ మెడలు వంచారు, సరే. నువ్వు అక్కడ చప్పట్లు కొట్టించి కథ ముగించేశావు. మర్నాడు పనిలోకి వెళ్తే మళ్లీ అదే మెషీను, అదే టార్గెట్, అదే సూపర్‌వైజర్ తిట్లు కదా? అంతమంది వీధిలోకొచ్చినా గార్మెంట్స్‌లో సంఘం సభ్యులు ఇప్పటికీ కొద్దిమందే, ఎందుకో తవ్వు. మధ్యాహ్నం అరగంట విరామంలో చెయ్యి కడుక్కుని, డబ్బా తిని, బాత్రూం లైన్లో నిలబడి, మిగిలిన నాలుగు నిమిషాల్లో సంఘంలో ఉన్నామె పక్క లైన్ హెల్పర్ చెవిలో సంఘం మాట వెయ్యాలి. ఆ హెల్పర్ అమ్మాయి ఒడిశా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది, సంఘం మాట చెప్పే ఈమెకి తెలుగూ కన్నడా తప్ప రాదు. ఆ నాలుగు నిమిషాలు రాయడానికి నాలుగు పేజీలు తీసుకున్నా నేను విసుక్కోను.

ఇదే ఊళ్లో ఇంకో దారి కూడా ఉంది, పౌరకార్మికులది, అంటే వీధులూడ్చే పారిశుద్ధ్య కార్మికులది. వాళ్లలో చాలామంది మనవాళ్లే, తాతల కాలంలో ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇళ్లల్లో ఇంకా తెలుగే మాట్లాడుకునే దళిత కుటుంబాలు (మన బెంగళూరు కథలు ఐటీ వాళ్ల ఫ్లాట్లు దాటి ఇటు రావడం తక్కువే, ఆ గొడవ ఇంకోసారి). కాంట్రాక్టరు చేతికింద జీతం ఎప్పుడొస్తుందో తెలియని స్థితి నుంచి కార్పొరేషనే నేరుగా జీతమిచ్చేదాకా ఏళ్లు పట్టింది. 2022 జూలైలో పర్మనెంట్ చెయ్యమని చీపుర్లు పక్కన పెట్టి కూర్చున్నారు, 2025 మేడే రోజున వేలమందికి నియామక పత్రాలు అందాయి. ఇది ఒక్క ఊపులో వచ్చింది కాదు. వార్డు వార్డులో తెల్లారుజామున హాజరు వేసే చోట, మేస్త్రీ అటు తిరిగినప్పుడల్లా ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చింది. నువ్వూ ఒక పొద్దున వెళ్లి నిలబడు, నోటుబుక్కు మాత్రం జేబులోంచి తియ్యకు. సంఘంలో చేరనన్న మనిషితో కూడా మాట్లాడు, ఆవిడ భయానికి కారణాలుంటాయి. ఆవిణ్ణి పిరికిదాన్ని చేసి రాస్తే మాత్రం నేను చదవను.

ఇంకోటి, నీకు తన సంగతులు చెప్పిన కార్మికురాలి పేరు మారిస్తే చాలనుకోకు. ఏ ఫ్లోరు, ఏ బ్యాచ్, చేతి మీద ఏ మచ్చ, ఇవి చాలు సూపర్‌వైజర్ పట్టెయ్యడానికి. కథ అచ్చయ్యాక గేటు దగ్గర ఆపేది ఆమెని, నిన్ను కాదు. అచ్చుకి ఇచ్చేముందు ఆమెకి చదివి వినిపించు, తీసెయ్యమన్నది తీసెయ్యి.

చందా ఎవరు వసూలు చేస్తారు, రసీదు పుస్తకం ఎవరింట్లో దాస్తారు, మీటింగుకి ఆలస్యమైతే ఇంట్లో మొగుడితో ఏం చెప్తారు, ఇవి కనుక్కుని మళ్లీ రాయి. నెలాఖరుకల్లా పంపితే చాలు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టి పంపు నాయనా, ఫోన్లో చదవలేక చచ్చాను.