అటక మీది ఫిడేలు అమ్మి అమ్మాయిని ఇటలీ పంపొచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఎనిమిదేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటోంది. ఈ మధ్య వీడియోలు చూసి, పాత వయొలిన్లను గుర్తుపట్టి విలువ కట్టే నిపుణురాలిని అవుతానంటోంది. మా మామగారి ఫిడేలు అటక మీద ఉంది. లోపల చీటీ మీద స్ట్రాడివేరియస్, క్రెమొనా, 1721 అని ఉంది. అది అమ్మితే ఇటలీ చదువుకు సరిపోతుందని మావారి ఆలోచన. వయొలిన్ తయారీ నేర్పే బడుల్లో ఇటలీలోని క్రెమొనాది మంచిదా, ఇంగ్లండ్‌లోని న్యూఆర్క్‌ది మంచిదా? లేక ముందు బీటెక్ చేయించాలా? (ఉత్తరం పెద్దది, కుదించాం.)

జవాబు: అమ్మా, ముందు ఫిడేలు సంగతి తేల్చేద్దాం. అది స్ట్రాడివేరియస్ కాదనే అనుకోండి. చూడకుండా ఎలా చెప్తున్నానంటే, ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. చీటీ మీద సంవత్సరం మారుతుంది, అంతే. స్ట్రాడివేరియస్ అంటే క్రెమొనాలో ఆంటోనియో స్ట్రాడివరి చేసిన వాద్యం. ఆయన 1737లో పోయాడు. ఆయన చేసిన వాద్యాల్లో ఇప్పుడు మిగిలినవి సుమారు 650. అవి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళాయో దాదాపు అన్నిటికీ లెక్కలున్నాయి. ఇక ఆయన పేరున్న చీటీలంటారా, 19వ శతాబ్దం చివర జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి లక్షల ఫిడేళ్ళు వాటితోనే బయటికొచ్చాయి. ఒక ఇంట్లో మెడలు, ఇంకో ఇంట్లో పైచెక్కలు చెక్కేవాళ్ళు. మన దగ్గర బీడీలు చుట్టినట్టు. చీటీ మీది పేరు 'ఫలానా నమూనాలో చేసింది' అని చెప్పడానికే తప్ప, అందరూ మోసం చేద్దామని అంటించింది కాదు. ఆ చీటీ మీదే ఎక్కడైనా 'జర్మనీ' అని ఇంగ్లీషులో ఉందేమో చూడండి. ఉంటే 1887లో బ్రిటన్, 1890లో అమెరికా సరుకు మీద దేశం పేరు ఉండాలని చట్టాలు తెచ్చాక తయారైనదని అర్థం.

నేనూ ఈ ఆశ పడ్డవాడినే. మా పెదనాన్న ఫిడేలు పట్టుకుని చెన్నైలో ఒక రిపేరు చేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన చీటీ వైపే చూడలేదు. తల దగ్గర శంఖంలా తిరిగే మెలిక ఉంటుంది కదా, దాన్ని తిప్పి, వెనక గాడి వెంట బొటనవేలి గోరు నడిపించాడు. గోరు ఒకచోట ఆగింది. "గడియారంలో ఆరు అంకె ఉండే చోటు చూడండి, గాడి అక్కడే అయిపోయింది. క్రెమొనా వాళ్ళు లోపలి గొంతు దాకా చెక్కేవాళ్ళు. అక్కడ చెక్కడానికి టైము పడుతుంది, ఎవరికీ కనపడదు కూడా. ముక్కల లెక్కన కూలి తీసుకునేవాడు ఎందుకు చెక్కుతాడు?" అన్నాడు. తర్వాత పళ్ళ డాక్టర్ల చిన్న అద్దం, టార్చి పెట్టి లోపలి మూలలు చూశాడు. బలానికి ఉండాల్సిన చెక్క దిమ్మలు లేవు. మొత్తం అర నిమిషం. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "నలభై ఏళ్ళుగా పగిలినవి అతికిస్తున్నాను" అన్నాడు.

మీ అమ్మాయి అడగాల్సిన ప్రశ్నకు జవాబు అదే. ఈ విద్యకు డిగ్రీ లేదు. క్రెమొనాలోని పాఠశాల 1938 నుంచి ఉంది, ప్రభుత్వానిది, పాఠాలు ఇటాలియన్‌లో చెప్తారు. న్యూఆర్క్‌ది 1972లో మొదలైంది, ఇంగ్లీషులో నడుస్తుంది. రెండుచోట్లా నేర్పేది ప్రధానంగా వాద్యం తయారు చేయడం. గుర్తుపట్టే కన్ను ఆ తర్వాత, పెద్ద వర్క్‌షాపుల్లో ఏళ్ళ తరబడి వందల వాద్యాలు విప్పి చూశాక వస్తుంది. భాష ఒక్కటే తేడా అయితే న్యూఆర్క్ సులువు. అంతకుమించి పోలికతో మీకిప్పుడు పనిలేదు.

నా అసలు బెంగ వేరే. 'ఆరు నెలల్లో అప్రైజర్' (విలువ కట్టేవాడు), 'ఆర్ట్ ఆథెంటికేషన్ సర్టిఫికెట్' (అసలుదో నకలో తేల్చడం) అంటూ ఆన్‌లైన్ కోర్సులు ఈమధ్య ఎక్కువయ్యాయి. వేలకు వేలు కట్టి చేరినవాళ్ళను చూశాను. పాత వయొలిన్ల వ్యాపారంలో 'ఇది ఫలానా వాళ్ళు చేసింది' అని రాసిచ్చే కాగితం విలువంతా దాని మీది సంతకానిది. లండన్‌లో ఫిడేళ్ళ వ్యాపారం చేసిన హిల్ కుటుంబం లాంటి వాళ్ళ మాట తరాలుగా చెల్లిందంటే వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళిన వాద్యాలే కారణం. పైగా ఈ రంగంలో విలువ కట్టేవాడూ అమ్మేవాడూ తరచూ ఒకడే. వియన్నాలో ప్రపంచమంతా నమ్మిన ఒక డీలరుకు 2012లో ఆరేళ్ళ జైలు శిక్ష పడింది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్న 'మెసయ్య' అనే ఫిడేలు సంగతి చూడండి. 1716 నాటి స్ట్రాడివరి అని పేరుపడ్డ దాన్నే, 19వ శతాబ్దపు పారిస్ నకలేమోనని 1990లలో అనుమానించారు. పైచెక్కలోని స్ప్రూస్ చెట్టు వలయాలు కొలిచి చూస్తే చివరి వలయం 1680ల నాటిదని తేలింది. అనుమానం బలహీనపడింది. కానీ వలయం చెట్టు సంగతి చెప్తుందే తప్ప చెక్కింది ఎవరో చెప్పదు. మహామహులే కొట్టుకునే చోట ఆరు నెలల సర్టిఫికెట్ ఏం చేస్తుంది?

ఇక మీ ఇద్దరితో ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరం మొత్తం చదివాను. ఫిడేలు ఎంత పలుకుతుందన్నది మూడుచోట్ల ఉంది. పిల్లకు చేతిపని మీద ఆసక్తి ఉందా, ఎప్పుడైనా ఉలి పట్టుకుందా అన్నది ఒక్కచోటా లేదు. తాతగారి ఫిడేలు అమ్మకానికి పెట్టే ముందు ఆ పిల్లను ఒక్కమాట అడిగారా? మీ ఊరి సంగీత కళాశాలలో చేరదామని వెళ్ళిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని 1919లో అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెప్పుకుంటాం కదా. అలాంటి ఊళ్ళో ఉండి ఫిడేలును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా చూస్తే ఎలా అమ్మా?

అలాగని మీ అమ్మాయి దారి తప్పిపోతోందని టెన్షన్ పడాల్సిన పనేమీ లేదు. మీ ఉత్తరం కింద ఉన్న భయం నిజానికి అదే అనిపించింది. పదిహేడేళ్ళకు ఇది తేల్చుకోవాల్సిన అవసరం లేదు. పెద్దయ్యాక ఈ పనిలోకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. బీటెక్ ఇష్టమైతే చదవనివ్వండి, ఫిజిక్స్‌తో బీఎస్సీ అయినా ఏ నష్టమూ లేదు. చెట్టు వలయాలు కొలవడానికీ, వాద్యాన్ని సీటీ స్కాన్‌లో చూడడానికీ ఆ లెక్కలే పనికొస్తాయి. తర్వాత కూడా మనసు అటే ఉంటే డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో వుడ్ సైన్స్ ఎమ్మెస్సీ ఉంది, నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ ఎంఏ ఉంది. 'వయొలిన్ నిపుణులు కావలెను' అని నోటిఫికేషన్ మాత్రం ఎప్పటికీ రాదు, అది ముందే తెలిసి ఉండాలి. రిపేరు పనికి కరువు లేదు. మన విద్వాంసులు చాలామంది తీగ బిగించే బిరడా పట్టు జారినా చెన్నై వెళ్ళాల్సి వస్తోంది.

ఇంటర్ పరీక్షలయ్యాక ఆ ఫిడేలు దించి, అమ్మాయి చేతికిచ్చి, ఒక మంచి రిపేరు చేసే మనిషి దగ్గరికి పంపండి. వీలైతే నెల రోజులు అక్కడే కూర్చోనివ్వండి. జిగురు ఉడికే వాసన మధ్య నాలుగో వారానికి కూడా ఉత్సాహంగా ఉంటే అప్పుడు నాకు మళ్ళీ రాయండి. మెరుస్తుందని కొత్త వార్నిష్ మాత్రం వేయించకండి. పాత పూత పోయిందంటే ఉన్న ఆ కాస్త విలువా పోతుంది. దించేటప్పుడు ఫిడేలు లోపల ఏదో దొర్లిన చప్పుడైతే కంగారు పడొద్దు. పైచెక్కకూ వెనక చెక్కకూ మధ్య నిలబెట్టే చిన్న పుల్ల పడిపోయి ఉంటుంది. అది మళ్ళీ నిలబెట్టించేదాకా తీగలు బిగించకండి, పైచెక్క కుంగిపోతుంది.