రంగు డబ్బా మూత తీయకముందు

అమ్మడూ,

ఈ చేపల వేట నిషేధంలోనే బోటు అమ్మేస్తున్నావని, బేరసారాలన్నీ నువ్వే చూసుకుంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. మీ నాన్న మోకాళ్లు ఇక సముద్రానికి పనికిరావని తెలిసినా, వినగానే గుండె కలుక్కుమంది. మన కాకినాడలో బోటు బేరానికి ఆడపిల్ల కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. గర్వంగా ఉంది తల్లీ. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్‌లో అయితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను.

ఏప్రిల్ 15న మొదలైన నిషేధం జూన్ 14తో అయిపోతుంది. మొత్తం 61 రోజులు. ఆ అర్ధరాత్రి దాటగానే వేటకి వెళ్లిపోవాలని కొనేవాళ్ల ఆరాటం. అందుకే మే నెలలోనే బేరం తెంచుకో. జూన్ వచ్చాక తొందర వాళ్లది కాదు, నీదవుతుంది.

చేయాల్సినవి నీకు తెలిసినవే. బోటు ఒడ్డుకి లాగించి అడుగున పట్టిన గుల్లలు గీకించు. ఐసు పెట్టే అర బ్లీచింగ్ పౌడర్‌తో కడిగించి మూత తీసి ఎండనివ్వు. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు మార్పించు. పాత ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్తున్నట్టు, మెకానిక్‌ని పిలువు. కొనేవాడు వచ్చేసరికి ఇంజన్ వేడి చేసి ఉంచమని దళారి చెప్తాడు, వినకు. చల్లటి ఇంజన్ వాళ్ల ముందే స్టార్ట్ చెయ్యి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని వాళ్లకీ తెలుసు, దాచలేవు. వలలు బోటుతో కలిపి ఇవ్వకు, విడిగా అమ్ము.

ఇక రంగు సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం.

1996 నవంబర్ తుపాను నీకు తెలియదు, అప్పటికి నువ్వు పుట్టలేదు. ఆరో తారీఖు రాత్రి మన తీరాన్ని ఊడ్చేసింది. వేటకి వెళ్లినవాళ్లు ఎంతమంది తిరిగి రాలేదో! నా చెక్క బోటు కాలవలో ఉండి బతికింది కానీ, పక్క బోట్లతో కొట్టుకుని వెనక అమరం దగ్గర రెండు చెక్కల మధ్య సందు విడింది. ఆ సందులో నూలు కుక్కించి నెట్టుకొచ్చాను. 1997 వేసవికి అప్పులు మెడదాకా వచ్చాయి. అమ్మకానికి పెట్టాను. నూలు మళ్లీ వదులైందని తెలుసు. చెక్క మార్పిస్తే పదిహేను రోజులు, చేతిలో లేని డబ్బు. లప్పం పట్టించి, పైన ఎర్ర రంగు రెండు పూతలు వేశాను. నా చేత్తోనే వేశాను. అద్దంలా మెరిసింది.

కొన్నాయన నాకంటే చిన్నవాడు. కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. బోటంతా తిరిగి చూసి, "అన్నా, నీళ్లు పడతాయా?" అని ఒక్కటే అడిగాడు. "చుక్క పడదు" అన్నాను. ఇంకేమీ అడగలేదు. నా మాట మీద బయానా ఇచ్చేశాడు.

ఆ సెప్టెంబర్‌లో, గోదావరి సముద్రంలో కలిసే భైరవపాలెం మొగకి బయట, చేపలు నిండా వేసుకుని వస్తుంటే రాత్రి సందు తెరుచుకుంది. ఐదుగురు తెల్లారేదాకా బకెట్లతో నీళ్లు తోడారు. చేపలన్నీ సముద్రంలో పారబోశారు. ఆ ఐదుగురిలో ఆ కొడుకు కూడా ఉన్నాడు, పదహారేళ్ల వాడు. పొద్దున ఇంకో బోటు తాడు వేసి లాక్కొచ్చింది కాబట్టి బతికారు.

మూడో రోజు ఆయన మా ఇంటికి వచ్చాడు. తిట్టలేదు. జేబులోంచి అరచేయంత లప్పం పెచ్చు తీసి అరుగు మీద పెట్టాడు. ఒక పక్క నా ఎర్ర రంగు, రెండో పక్క నూలు పోగులు అంటుకుని ఉన్నాయి. మీ అత్త ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. తర్వాత బాగుచేసిన ఖర్చు సగం తీసుకెళ్లి ఇచ్చాను, తీసుకున్నాడు. కానీ ఆ రోజు నుంచి నన్ను అన్నా అని పిలవలేదు. ఇప్పటికీ కొత్త రంగు వాసన వస్తే నాకు ఆ పెచ్చే గుర్తొస్తుంది.

మీ బోటు చెక్క మీద ఫైబర్ తొడిగింది. పైకి రాయిలా కనిపిస్తుంది. ఎక్కడైనా పగిలి లోపలికి నీరు దిగితే అది బయటికి రాదు, చెక్క లోలోపలే కుళ్లుతుంది. చిన్న సుత్తి తీసుకుని ముందున్న అణియం నుంచి వెనకున్న అమరం దాకా జానెడు జానెడుకి తట్టుకుంటూ పో. గట్టి చోట ఠంగుమంటుంది. పాడైన చోట డొల్ల కుండలా మొద్దుగా పలుకుతుంది. అక్కడి పగులు దగ్గర వేలితో నొక్కితే గోధుమరంగు నీళ్లు ఊరొచ్చు, పులిసిన వాసన రావచ్చు. అలాంటి చోట సుద్దతో గుర్తు పెట్టు. బాగుచేయించగలిగితే చేయించు, లేకపోతే ఆ సుద్ద గీతలు చెరపకుండా కొనేవాడికి చూపించి ఆ మేరకి ధర తగ్గించు. ఎంత తగ్గినా సరే. నీకు తక్కువైతే నేను చూసుకుంటాను, నా దగ్గర దాచుకోకు.

కాగితాల విషయంలో కూడా మొహమాటం వద్దు. మత్స్యశాఖలో పేరు మారేదాకా బోటు ఒడ్డు దాటకూడదు. ఆ బోటు రిజిస్ట్రేషన్ నంబరుతో సముద్రంలో ఏం జరిగినా వచ్చి మీ నాన్న తలుపే కొడతారు. "వేట మొదలవుతోందమ్మా, కాగితాలు తర్వాత చూసుకుందాం" అని ఎవడన్నా అంటే బయానా తిరిగిచ్చెయ్యి.

ఇంకోటి. జీపీఎస్‌లో మీ నాన్న ముప్పయ్యేళ్లుగా పోగేసిన గుర్తులున్నాయి. చేపలు పడే చోట్లు, మునిగిన పడవలకి తగిలి వల చిరిగే చోట్లు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నోటుబుక్కులో రాసుకో. చేపల చోట్లు ఇవ్వాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. వల చిరిగే చోట్లు మాత్రం కొనేవాడికి ఇవ్వండి. రాసేటప్పుడు ఆయన మధ్యలో ఆగిపోతే తొందరపెట్టకు తల్లీ. ఆ ఒక్క పూటా ఇంకే పని పెట్టుకోకు.

శుక్రవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. సుత్తి నేనే తెస్తాను. అప్పటిదాకా రంగు డబ్బా మూత తీయకు.

మీ మావయ్య