చీకటి పడకముందే బండి ఆపు తల్లీ

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "అన్నయ్యా, సెప్టెంబరులో అమ్మాయి మమ్మల్ని అమెరికాలో ఇల్లులాంటి బండిలో ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు తీసుకువెళుతుందట" అని చెబుతుంటే ఆ గొంతులో సంబరం విని నా కళ్ళు చెమ్మగిల్లాయి. చిన్నప్పుడు గుంటూరు ప్యాసింజరులో కిటికీ పక్కన చోటు కోసం నాతో పోట్లాడి ఓడిపోయిన పిల్ల అది. ఇన్నేళ్ళకు కూతురు దానికి నాలుగు వైపులా కిటికీలున్న బండి ఎక్కిస్తోంది. చాలా గర్వంగా అనిపించింది.

తరువాత మెల్లగా అంది, "రాత్రి ఆగడానికి ముందుగా చోట్లు దొరకలేదట. వెళ్ళాక చూసుకుంటానంటోంది" అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

రిజర్వేషన్ లేకుండా వెళ్ళడం తప్పు కాదు. అయితే ప్రతిచోటా అది ఒకేలా కుదరదు. యూటా రాష్ట్రంలోని మోయాబ్ ఊరి దగ్గర కుదురుతుంది. ఊరికి ఉత్తరాన కొలరాడో నదిని ఆనుకుని 128వ నంబరు రోడ్డు వెళుతుంది. దాని పొడవునా కేంద్ర భూ నిర్వహణ సంస్థ, అందరూ బీఎల్ఎం అంటారే, వారి క్యాంప్‌గ్రౌండ్లు వరుసగా ఉన్నాయి. గూస్ ఐలాండ్, హాల్ కాన్యన్, బిగ్ బెండ్ అలాంటివే. ముందు వచ్చినవారికే చోటు. కరెంటు ఉండదు, మంచినీళ్ళూ ఉండవు. ఎర్రటి కొండ నీడ, పక్కనే నది, అంతే. ఖాళీ చోటు కనబడగానే మొదట బండి అందులో పెట్టు. ఆ తరువాతే నడిచి వెళ్ళి ద్వారం దగ్గర కవరు తీసుకుని, డబ్బు పెట్టి, ఇనుప గొట్టంలో వేసి, చించిన చీటీని నీ చోటు దగ్గరి గుంజకు తగిలించు. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకో.

డెన్వర్ నుంచి మోయాబ్ సుమారు 350 మైళ్ళు. ఒక్కరోజులో వెళ్ళిపోదామని నీకు అనిపిస్తుంది. వద్దు. అలా వెళితే సాయంత్రానికి చేరతావు, అప్పటికి నది ఒడ్డున ఒక్క చోటు మిగలదు. మొదటి రాత్రి దారిలోని గ్రాండ్ జంక్షన్ ఊళ్ళో డబ్బు చెల్లించి ప్రైవేటు ఆర్వీ పార్కులో, అంటే ఇలాంటి ఇల్లు బండ్లు ఆపుకునే చోట ఆగు. పొద్దున్నే బయలుదేరితే రెండు గంటల ప్రయాణం. పాతవాళ్ళు ఖాళీ చేసే వేళకు, పది గంటలకల్లా నువ్వు అక్కడ ఉంటావు. శుక్రవారం, శనివారం వెళ్ళకు. ఆదివారం నుంచి బుధవారం లోపు చూసుకో. దారిలో ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైనే ఉంటుంది. మీ అమ్మకు తల తిరిగినట్టుంటే వెంటనే ఆపు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అలాగే ఉంచకుండా చిన్న గేరులో దిగు.

ఇక ఎల్లోస్టోన్ సంగతి. అక్కడ వెళ్ళాక చూసుకుందాం అనే మాట మానేయి. పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లు సెప్టెంబరులో దాదాపు అన్నీ రిజర్వేషన్ మీదే నడుస్తాయి. పక్కనున్న గ్రాండ్ టీటన్ పార్కులోనూ 2021 నుంచి అంతే. రోడ్డు పక్కన ఆపి పడుకోవడం నిషేధం, అర్ధరాత్రి తలుపు తట్టి లేపుతారు. రద్దయిన చోట్ల కోసం ఇప్పటి నుంచే పొద్దున, రాత్రి వెబ్‌సైట్ చూస్తూ ఉండు. ఎవరో ఒకరు మానుకుంటూనే ఉంటారు. ఎల్లోస్టోన్ లోపలే ఉన్న ఫిషింగ్ బ్రిడ్జి ఆర్వీ పార్కులో దొరికితే అదృష్టమే. కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం అన్నీ కలిపి ఇచ్చేది పార్కు మొత్తంలో అదొక్కటే. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి అక్కడ గుడారాలను రానివ్వరు, గట్టి గోడల బండ్లకే అనుమతి. అదీ దొరక్కపోతే కనీసం రెండు రాత్రులు వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్ళో డబ్బు పెట్టి తీసుకో. ఖరీదు గురించి ఆలోచించకు, కావాలంటే నేను పంపుతాను.

పార్కు చుట్టూ ఉన్న జాతీయ అడవుల్లో ఉచితంగా ఆగవచ్చని నీకూ తెలిసే ఉంటుంది. నిజమే, చాలా చోట్ల కొన్ని రోజుల వరకు ఉండనిస్తారు. కానీ ఏ రోడ్డులో వెళ్ళవచ్చో, ఎక్కడ ఆగవచ్చో అడవి శాఖ వేసిన ఉచిత మ్యాపులోనే ఉంటుంది. ఫోనులో ఎవరో పెట్టిన చుక్కను నమ్ముకోకు. రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేసి నీ బండి పొడవు చెప్పి, తిప్పుకునే చోటు ఉందా అని అడుగు. అద్దె ఒప్పందం కూడా చదువు. మట్టిరోడ్డు ఎక్కితే బీమా వర్తించదని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది.

నేను అది చదవలేదు. అడగలేదు. తల్లీ, ఇది మీ అమ్మకు నేటికీ తెలియదు.

2007 సెప్టెంబరు. మీ బావకు ఆరేళ్ళు. 28 అడుగుల బండి అద్దెకు తీసుకున్నాం. సాయంత్రం ఎల్లోస్టోన్ పడమటి ద్వారం చేరేసరికి అన్నీ నిండిపోయాయని బోర్డు. ఊళ్ళో రెండు చోట్ల అడిగాం, లేవన్నారు. మీ అత్తయ్య, "వచ్చిన దారినే గంట వెనక్కి పోదాం, దారిలో పెద్ద ఊరుంది కదా" అంది. నేను వినలేదు. అడవిలో బోలెడు చోటుంటుందని ఎవరో చెప్పిన మాట పట్టుకుని రాత్రి తొమ్మిది దాటాక ఒక మట్టిరోడ్డులోకి తిప్పాను. మొదట వెడల్పుగానే ఉంది. అర మైలు వెళ్ళాక రెండు వైపులా పైన్ కొమ్మలు బండి గోడలను గీకడం మొదలైంది. ముందు ఏముందో దీపాలకు అందడం లేదు. వెనక్కి నడుపుదామని ఆపాను.

మీ అత్తయ్య టార్చి పట్టుకుని దిగి వెనక నిలబడింది. "రండి, రండి" అంటోంది. ఇంజను చప్పుడులో ఆ తరువాత ఏమన్నదో నాకు వినబడలేదు. కుడి అద్దంలో టార్చి వెలుగు కనిపిస్తోంది కదా అని వెనక్కి పోనిచ్చాను. ఆ వెలుగు ఒక్కసారిగా మాయమైంది. నేను బ్రేకు తొక్కేలోపు వెనక చక్రం గుంటలోకి జారి, బండి మొత్తం కుడివైపు ఒరిగింది. ఆమె నిలబడ్డది ఆ వైపే.

తలుపు తీసుకుని ఎలా దిగానో గుర్తులేదు. ఆమె గుంట అవతల, మోకాళ్ళ మీద పడి ఉంది. పక్కకు దూకింది. అరచేతుల నిండా గులకరాళ్ళు గుచ్చుకుని రక్తం. ఆమెకూ బండికీ మధ్య ఉన్న దూరం నా మూర చెయ్యి కంటే తక్కువ.

ఆ రాత్రి ఒరిగిన బండిలోనే ఉన్నాం. హీటరు గ్యాసుతో మండుతుంది కానీ దాని ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. మూడు గంటలకు బ్యాటరీ అయిపోయింది. పిల్లవాడిని మధ్యలో పడుకోబెట్టుకుని, ఉన్న దుప్పట్లన్నీ కప్పి, ఇద్దరం తెల్లారే దాకా కూర్చున్నాం. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

వెలుతురు వచ్చాక దిగి ముందుకు నడిచాను. వంద అడుగులు వేశానో లేదో, నాలుగు బండ్లు తిరిగేంత ఖాళీ స్థలం. రాత్రి రెండు నిమిషాలు నడిచి చూసి ఉంటే చాలు. కట్టెల కోసం వచ్చిన ఒకాయన తన పికప్పుకు గొలుసు కట్టి లాగి పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

అందుకని చెబుతున్నాను, సాయంత్రం నాలుగింటికల్లా నీ బండి ఆగి ఉండాలి. చోటు నచ్చకపోయినా, ఖరీదైనా, వాల్‌మార్టు దుకాణం ముందు అయినా సరే. అక్కడైతే లోపలికి వెళ్ళి మేనేజరును అడిగి మరీ ఆగు. తెలియని రోడ్డులోకి బండి తిప్పే ముందు దిగి నడిచి చూడు. వెనక్కి నడిపేటప్పుడు వెనక నిలబడ్డ మనిషి అద్దంలో కనబడాలి, టార్చి వెలుగు కాదు, మనిషి ముఖం. కనబడకపోతే బండి కదలకూడదు. ఆ పని మీ అమ్మకు చెప్పకు. నాన్నగారికి చెప్పు, ఆయన గొంతు పెద్దది, తొందరపడే మనిషి కాదు. ఇది సలహా అనుకోకు, మామయ్య మాటగా తీసుకో.

మిగతావి చిన్న విషయాలు. మనవాళ్ళ నీళ్ళ వాడకానికి ట్యాంకు రెండు రోజులు కూడా రాదు. బకెట్టు, మగ్గు అలవాటును మొదటి రోజే మెల్లగా చెప్పు, మీ నాన్నగారు నొచ్చుకోకుండా. మురుగు ట్యాంకు ఖాళీ చేసే చోట్లను ముందే రాసి పెట్టుకో. పోపు పెట్టేటప్పుడు పైకిటికీ తెరిచి ఫ్యాను వెయ్యి. పొగకు అలారం మోగిందని దాని బ్యాటరీ తియ్యకు, విషవాయువును పట్టి చెప్పేది కూడా అలాంటి అలారమే.

అమ్మ ఇన్సులిన్ గురించి మాత్రం అశ్రద్ధ చేయకు. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్ అయితే బండి సమంగా నిలబడితేనే సరిగ్గా చల్లబడుతుంది. ఆగిన ప్రతిచోటా చక్రాల కింద దిమ్మలు పెట్టి సరిచూసుకో. ఎల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగుల ఎత్తున ఉంది, సెప్టెంబరు రాత్రి నీళ్ళు గడ్డకడతాయి. అక్కడ ఇన్సులిన్ వేడెక్కడం కన్నా గడ్డకట్టడమే భయం. ఒకసారి గడ్డకడితే అది పనికిరాదు. ఫ్రిజ్ వెనక గోడకు ఆనించి పెట్టకు.

పోస్టులో ఒక పెట్టె పంపుతున్నాను. అందులో చక్రాల కింద పెట్టే పసుపు రంగు దిమ్మలు రెండు జతలు, చీకట్లో మనిషి కనబడేలా పైన వేసుకునే మెరిసే జాకెట్టు, రెండు వాకీటాకీలు ఉన్నాయి. జాకెట్టు మీ అత్తయ్యే కొన్నది. తిరిగి వచ్చిన వారమే కొని, ఆ తరువాత ప్రతి ప్రయాణంలోనూ వేసుకుంది. ఉతికి మడత పెట్టి ఆమే పెట్టెలో పెట్టింది.

రోజూ బండి ఆగగానే ఫోన్ చెయ్యి. సిగ్నల్ అందని చోటైతే పొద్దునే చెప్పు, ఆ రోజు ఎదురుచూడం. మిగిలిన రోజుల్లో నీ ఫోన్ వచ్చాకే మీ అత్తయ్యా నేనూ సాయంత్రం టీ పెట్టుకుంటాం.

మీ మామయ్య