రేసర్ అవుతానంటున్నాడు, పేరొస్తే చెడిపోతాడా?

ప్రశ్న: మాది విజయనగరం, రైసు మిల్లు వ్యాపారం. మా గుంటడికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. ఇంజనీరింగ్ వద్దు, రేసింగ్ డ్రైవర్ అవుతానంటున్నాడు. ఖాళీ దొరికితే ఫోన్‌లో ఎఫ్1 (ఫార్ములా వన్ కార్ల రేసులు) డ్రైవర్ల విమానాలు, పార్టీలు, బట్టలు చూస్తుంటాడు. రేపు నిజంగానే పేరొస్తే ఆ జల్సాల్లో పడి ఆటా పోయి పరువూ పోతుందేమోనని వాళ్లమ్మ బెంగ పెట్టుకుంది. సెలబ్రిటీ జీవితం డ్రైవర్ ఏకాగ్రతను నిజంగా దెబ్బతీస్తుందా? డ్రైవర్ కావడం మంచిదా, ఆ రంగంలోనే ఇంజనీర్ కావడం మంచిదా, పోల్చి చెప్పగలరు. డ్రైవింగ్ మాత్రం వాడికి బాగా వచ్చు. దసరా నుంచి మా కారు ఇస్తున్నాం. భీమిలి రోడ్డులో నడిపి వీడియోలు పెడితే వేలమంది చూస్తున్నారు.

జవాబు: ఈ ప్రశ్న ఏళ్లుగా వేషం మార్చుకుని నా దగ్గరకు వస్తూనే ఉంది. ఐపీఎల్ కొత్తలో క్రికెట్ అని వచ్చింది. తర్వాత షార్ట్ ఫిల్మ్‌లు అని, ఆ తర్వాత యూట్యూబ్ అని వచ్చింది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ రేసు కార్లు తిరిగాయి, ఓటీటీ పుణ్యమా అని ఎఫ్1 డ్రైవర్ల ముఖాలు మన హాళ్లలోకి వచ్చేశాయి. అందుకని ఇప్పుడు రేసింగ్ అని వస్తోంది. అన్నిటి కిందా ఉండే భయం ఒకటే: పిల్లాడు మన చేయి దాటిపోతాడేమో, నలుగురూ మనల్ని అంటారేమో. అందులో తప్పేమీ లేదు. కానీ ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ ఉత్తరం. మీవాడు ఇంతవరకు గోకార్ట్‌లో (రేసింగ్ నేర్చుకునే చిన్న బండి) అయినా కూర్చున్నాడా? ఆ ముక్క మీరు రాయలేదు. పార్టీల గురించి మాత్రం రాశారు.

అడిగారు కాబట్టి ముందు సెలబ్రిటీ సంగతి చూద్దాం. జల్సా చేసేవాళ్లు గెలవరు అని నేను చెప్తే మీరు సంతోషిస్తారు, మీవాడు మాత్రం ఒక్క నిమిషంలో జేమ్స్ హంట్ పేరు తెచ్చి నా నోరు మూయిస్తాడు. తాగుడు, అమ్మాయిలు, పార్టీలు అన్నిటికీ పేరుపడిన ఆ ఇంగ్లిష్ డ్రైవర్ 1976లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అతనికి ఎదురు నిలిచినవాడు నికీ లౌడా. ఆ ఏడాది ఆగస్టు 1న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌లో లౌడా కారు మంటల్లో చిక్కుకుంది. ఆరు వారాలకే, కాలిన గాయాలు ఇంకా పచ్చిగా ఉండగానే, ఇటలీలోని మోంజాలో మళ్లీ కారెక్కి నాలుగో స్థానంలో వచ్చాడు. చివరికి టైటిల్ ఒక్క పాయింట్ తేడాతో హంట్‌కి దక్కింది.

మీవాడు కథ ఇక్కడ ఆపేస్తాడు, నేను ఆపను. హంట్ 1979 సీజన్ మధ్యలోనే ఆట వదిలేశాడు, అప్పటికి అతనికి 31 ఏళ్లు. 45 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. లౌడా 1977లో మళ్లీ గెలిచాడు. మధ్యలో ఆట మానేసి, తిరిగొచ్చి 1984లో మూడోసారి గెలిచాడు. పార్టీలే హంట్‌ని ముంచాయని తీర్పు చెప్పను, ఆఖరి రోజుల్లో అతని కారు కూడా బాగా లేదు. కానీ ఒక్క సీజన్ మెరవడానికీ, పదేళ్లు నిలబడడానికీ మధ్య ఏముంటుందో ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

ఇప్పుడు లూయిస్ హామిల్టన్. ఫ్యాషన్ షోలు, సంగీతం, పచ్చబొట్లు, ముక్కుపుడక. మన బంధువుల పెళ్లిలో కనిపిస్తే మీరే మొహం తిప్పుకుంటారు. ఆయనవి ఏడు ప్రపంచ టైటిళ్లు, వందకు పైగా విజయాలు. రేసు లేని వారం ఎక్కడో ర్యాంప్ మీద కనబడితే 'ధ్యాస తప్పింది' అని రాసినవాళ్లున్నారు. తర్వాతి ఆదివారం గెలిస్తే వాళ్లే 'మనసు తేలిక చేసుకున్నాడు' అని రాశారు. 2025లో ఫెరారీ జట్టుకి మారి, సీజన్ మొత్తంలో ఒక్క గ్రాండ్ ప్రీలో (ఎఫ్1 ప్రధాన రేసులో) కూడా మొదటి ముగ్గురిలో నిలవలేదు. జనం బట్టల సంగతి ఎత్తేది ఇలాంటప్పుడే. బట్టలు మాత్రం గెలిచిన రోజుల్లోనూ అవే. ఆయన వెనుక ఇంకొకటి ఉంది, అది రీల్స్‌లో రాదు. ఎనిమిదేళ్ల వయసులో కార్టింగ్ మొదలుపెట్టాడు. ఆ ఖర్చు కోసం తండ్రి ఒకేసారి రెండు మూడు ఉద్యోగాలు చేశాడు.

ఏకాగ్రత అంటే ఇక్కడ వేదాంతం కాదు. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 83 మీటర్లు పోతుంది. అర సెకను మనసు పక్కకు పోతే మీ మిల్లు ఆవరణ దాటేస్తుంది. పెద్ద మలుపుల్లో తల బరువు ఐదింతలైనట్టు మెడ మీద పడుతుంది. సింగపూర్ లాంటి ఉక్కపోత రేసులో రెండు మూడు కిలోల నీరు చెమటగా పోతుంది. ఏడాదికి ఇరవైకి పైగా రేసులు, ఖండాలు దాటే ప్రయాణాలు, తలకిందులయ్యే నిద్ర. ఇవన్నీ చాలక స్పాన్సర్ల కోసం ఫొటోలు, ప్రకటనలు, విందులు. ఇవి సరదాలని మీరు అనుకుంటున్నారు, నిజానికి ఇవి డ్యూటీలు. జట్టును నడిపే డబ్బులో పెద్ద భాగం అక్కడినుంచే వస్తుంది. కాబట్టి 'సెలబ్రిటీ జీవితం వద్దు, ఉత్త రేసింగ్ చాలు' అనే వీలు ఈ ఉద్యోగంలో లేదు. నవ్వుతూ ఫొటో దిగి, తొమ్మిదింటికి పడుకుని, పొద్దున్నే మెడ వ్యాయామం చేసేవాడికి అది భారం కాదు. ఫొటో కోసమే వచ్చినవాడికి అదే గొయ్యి.

పేరు ఎంతవరకు కాపాడుతుందో కూడా చూడండి. ఓటీటీ చూసే పిల్లలందరికీ డేనియల్ రికియార్డో నవ్వు తెలుసు. ఎనిమిది రేసులు గెలిచాడు, 2021లో మోంజాలో మెక్‌లారెన్‌ని గెలిపించాడు. ల్యాప్ టైమ్‌లు (ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం) తగ్గకపోయేసరికి అదే జట్టు 2022 చివర, ఒప్పందం ఇంకో ఏడాది ఉండగానే, పంపించేసింది. 2024 సెప్టెంబర్‌లో మరో జట్టు సీజన్ మధ్యలో తీసేసింది. అభిమానుల సంఖ్య ఒక్క సీటు కూడా నిలబెట్టలేదు.

ఇక పరువు. మీ ఆవిడ భయం బార్ల గురించి. నా భయం మీవాడి చేతిలోని ఫోన్ గురించి. 2022లో జూరీ విప్స్ అనే కుర్రాడు రెడ్ బుల్ ఎఫ్1 జట్టుకు రిజర్వ్ డ్రైవర్‌గా ఉండేవాడు, ఎఫ్1 గుమ్మం దాకా వచ్చేశాడు. ఆన్‌లైన్‌లో గేమ్ ఆడుతూ లైవ్‌లో ఒక జాతి దూషణ మాట అన్నాడు. ముందు సస్పెండ్ చేశారు, కొద్దిరోజులకు ఒప్పందమే రద్దు చేశారు. ఎఫ్1లో ఒక్క రేసు కూడా చేయకుండానే ఆ దారి మూసుకుపోయింది. అంతకు రెండేళ్ల ముందు అమెరికాలో కైల్ లార్సన్ కూడా ఆన్‌లైన్ రేసులో అలాంటి మాటే అన్నాడు. స్పాన్సర్లు వెళ్లిపోయారు, జట్టు ఉద్యోగం తీసేసింది. అతను మాత్రం మరుసటి ఏడాది వేరే జట్టులో చేరి, అక్కడి పెద్ద కార్ల రేసు పోటీ నాస్‌కార్‌లో చాంపియన్ అయ్యాడు. అప్పటికే చేతిలో గెలుపులున్నాయి కాబట్టి ఎవరో ఒకరు తలుపు తీశారు. పదహారేళ్లవాడి దగ్గర ఆ గెలుపులుండవు, వీడియోలే ఉంటాయి.

పేరు ముందు, ఆట తర్వాత అయితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం విదేశాలు కూడా వెళ్లక్కర్లేదు. మీ విజయనగరంలో స్టేడియానికి ఎవరి పేరుందో ఆ విజ్జీ 1936లో భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లారు. రాజవంశం, డబ్బు, పలుకుబడి, ఆ పర్యటనలోనే సర్ బిరుదు. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపేశారు. క్రికెట్ ప్రేమికులు ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నది ఏదో మీకు తెలుసు. క్రికెట్‌కి ఆయన చేసిన మేలు కూడా ఉంది, అది ఎవరూ చెప్పుకోరు.

దీనికి తిరగేసిన ఉదాహరణ అజిత్ కుమార్. సికింద్రాబాద్‌లో పుట్టిన తమిళ హీరో, పెద్ద సెలబ్రిటీ. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసుకు ముందు, రేసింగ్ సీజన్ నడిచినన్నాళ్లూ సినిమాలు చేయనని చెప్పేశాడు. ప్రాక్టీసులో కారు గోడకు కొట్టుకున్నా జట్టు తన కార్ల విభాగంలో మూడో స్థానంలో వచ్చింది. ఆయనకు పేరు ఎప్పటినుంచో ఉంది. సీజన్‌లో దాన్ని పక్కన పెట్టడం కూడా వచ్చు.

ఇప్పుడు మీ ఉత్తరంలో ఆఖరి రెండు వాక్యాలు. మీరు గర్వంగా రాశారు, నాకు చదువుతుంటే ఒళ్లు మండింది. పదహారేళ్లవాడికి కారు తాళం ఇచ్చి భీమిలి రోడ్డు మీదకు పంపుతున్నారు. ఆ రోడ్డు మీద ఆటోలున్నాయి, సైకిళ్లున్నాయి, చేపల గంపలతో నడిచే ఆడవాళ్లున్నారు. పార్టీలకు వెళ్తాడేమోనని భయపడే తల్లిదండ్రులకు ఇది భయం వేయలేదా? మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ఒకసారి చదివించుకోండి. మైనర్ బండి నడిపి నేరం చేస్తే శిక్ష మీకు: మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. మీకు తెలిసే జరిగిందని కోర్టు అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది మీరే. మీ విషయంలో ఆ నిరూపణ కూడా కష్టం, ఉత్తరం రాసి మరీ ఒప్పుకున్నారు. కారు రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లెర్నర్ లైసెన్స్ కూడా రాదు. రోడ్ల మీదుగా సాగే ర్యాలీలకు మామూలు డ్రైవింగ్ లైసెన్స్ తప్పనిసరి. అంటే వాడి కల మీద మొదటి వేటు మీ చేతులతోనే పడుతుంది. సెలబ్రిటీ జీవితం పాడు చేస్తుందా అని నన్ను అడిగారు. ఆ వేలమంది చూపులు మీవాడి చేతికి ఇప్పటికే అందాయి, అవి కూడా శ్రమ లేకుండా. ఇచ్చింది మీరు. ఈ సాయంత్రం తాళం తీసేసుకోండి. ఆ వీడియోలు వాడితోనే తీయించండి.

తిట్టేశాను, ఇక నా అనుమానాలు చెప్తాను. ఈ దారి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఇన్నేళ్లలో ఎఫ్1 దాకా వెళ్లిన భారతీయులు ఇద్దరే: 2005లో నరైన్ కార్తికేయన్, 2010లో కరుణ్ చందోక్. ఇద్దరి తండ్రులూ రేసింగ్ మనుషులే, ఈ ఇద్దరూ చిన్నప్పటినుంచీ రేసింగ్ మధ్యే పెరిగినవాళ్లు. అయినా వెనుక వరుస జట్లలోనే నెగ్గుకురావాల్సి వచ్చింది. ఎఫ్1కి ఒక్క మెట్టు కింద ఎఫ్2లో ఒక సీజన్ సీటుకే మన లెక్కలో ఇరవై కోట్లకు అటూ ఇటూ అవుతుంది. మిల్లు అమ్మినా ఒక సీజన్ దాటదు. రేసింగ్‌లో జీతం తీసుకునేవాళ్ల కన్నా ఎదురు డబ్బు కట్టేవాళ్లే ఎక్కువ. రెండు రోజుల కోర్సు పెట్టి, హెల్మెట్‌తో ఫొటో తీసి, 'ప్రొఫెషనల్ రేసర్' అని సర్టిఫికెట్ ఇచ్చే చోట్లకు మాత్రం దూరంగా ఉండండి. గోడకు తగిలించుకోవడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు. పోటీల్లో దిగాలంటే కావాల్సింది ఎఫ్ఎమ్ఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసింగ్‌ను నడిపే సంఘం) లైసెన్స్. ఎఫ్1 కోసం అయితే పదహారేళ్లు ఆలస్యమే, ఈ మాట వాడికి దాచకుండా చెప్పండి.

పోలిక అడిగారు కదా. ఇంజనీర్ దారి పొడుగు, కానీ మెట్లున్నాయి. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, డేటా, ఏదైనా పనికొస్తుంది. కాలేజీలో చేరాక పిల్లలే కారు తయారుచేసి పోటీ పడే ఫార్ములా భారత్ కోయంబత్తూరు కారీ ట్రాక్ మీద, బాహా పోటీ పీతంపూర్‌లో జరుగుతాయి. అలాంటి జట్టున్న కాలేజీ చూసుకోవాలి. రేసింగ్ దొరక్కపోయినా కార్ల కంపెనీల్లో ఆ పనికి విలువ ఉంటుంది. డ్రైవర్ దారిలో అలాంటి రెండో తలుపు తక్కువ. కరుణ్ చందోక్ టీవీ విశ్లేషకుడిగా స్థిరపడ్డాడంటే అది ఆయన మాటకారితనం. పోలికకు ఇంతకన్నా ఎక్కువ చోటు ఇవ్వను, ఎందుకంటే మీరు నిద్రపోనిది దీని గురించి కాదు.

వాళ్లమ్మకు ఈ మాటలు చదివి వినిపించండి. అమ్మా, మీ అబ్బాయి చెడిపోలేదు. పదహారేళ్లప్పుడు అందరూ ఏదో ఒక మెరుపు వైపు చూస్తారు, చాలామంది ఏడాది తిరక్కుండా అది మర్చిపోతారు కూడా. వాడు మీకు చెప్పకుండా పారిపోలేదు. కూర్చోబెట్టి, అవుతానని చెప్పాడు. ఇంట్లో మాట్లాడే పిల్లాడు చేయి దాటడు. మీరు వెక్కిరిస్తే మాత్రం రేపటి నుంచి చెప్పడం మానేస్తాడు. బంధువులంటారా, సీటొస్తే ఒకటంటారు, రాకపోతే ఇంకొకటంటారు, వాళ్ల కోసం పిల్లాడి గురించి నిర్ణయాలు చేయకండి. ఎంపీసీ ఎలాగూ చదువుతున్నాడు, ఏ దారీ మూసుకుపోలేదు. రేసింగ్ డ్రైవర్ కాకపోయినా వారాంతంలో ట్రాక్ మీద పోటీ పడేవాడిగా మిగిలినా అది మంచి జీవితమే.

వేసవి సెలవుల్లో తండ్రీకొడుకులు హైదరాబాద్‌కో బెంగళూరుకో చెన్నైకో వెళ్లి, మంచి కార్టింగ్ ట్రాక్ మీద కొన్ని రోజులు శిక్షణ ఇప్పించండి. ఫోన్ మీ జేబులో ఉంచుకోండి. మొదటి పూట దిగాక చేతులు నొప్పి పుడతాయి, పక్కటెముకలు కమిలిపోతాయి. అప్పుడు వాడు ఏం అడుగుతాడో గమనించండి. తన టైమ్ ఎంత, ముందున్నవాడికన్నా ఏ మలుపులో ఎంత పోగొట్టుకున్నాడు అని అడిగితే, రెండో రోజు మీకన్నా ముందు లేచి కూర్చుంటే, ఇంకో ఏడాది డబ్బు పెట్టొచ్చు, చదువు ఆపకుండా. ఫొటోలు బాగా వచ్చాయా అని అడిగితే హాయిగా తిరిగి వచ్చేయండి, ఖర్చు తక్కువలో తేలిపోయింది.

ఏది జరిగినా నాకు రాయండి. ల్యాప్ టైమ్‌ల కాగితం కూడా జత చేయండి, ఫొటోలు అక్కర్లేదు.