అడ్వాన్స్ కట్టే ముందు ఆ బిల్డింగ్ రికార్డు చదువు నాన్నా

నాన్నా,

నువ్వు పంపిన ఫోటోలు నిన్న రాత్రి చూశాను, పెదనాన్నకి కూడా చూపించాను. కిచెన్ బావుంది, ఫ్లోర్ తళతళలాడుతోంది, న్యూయార్క్ క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్ కాబట్టి సెవెన్ ట్రైన్ దగ్గర, కూరగాయలు కరివేపాకు అన్నీ నడిచే దూరంలో దొరుకుతాయి, అదంతా నిజమే. కానీ బ్రోకర్ రేపటికల్లా డబ్బు పంపమంటున్నాడు అన్నావు చూడు, అక్కడే నాకు భయమేసింది. ఒక్క రెండు రోజులు ఆగు. మీరు దిగేది జనవరిలో, రెండేళ్ల పాపతో.

మన హైదరాబాద్‌లో ఇల్లు చూడ్డానికి వెళ్తే మీ అమ్మ ఏం చేస్తుంది? వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి మంజీరా వస్తుందా బోరేనా, ఎండాకాలం ట్యాంకర్లు తెప్పిస్తారా, ఓనర్ ఎలాంటోడు అని అడుగుతుంది, మళ్ళీ కింద కిరాణా షాపులో ఇంకోసారి అడుగుతుంది. ఇక్కడ మేం అలా ఎవర్నీ అడక్కుండా దిగాం. 1998 నవంబర్‌లో, క్వీన్స్‌లోనే, కొత్తగా రంగులేసిన ఇల్లు చూసి మురిసిపోయి సంతకం పెట్టేశాం. డిసెంబర్ రెండో వారంలో గదిని వేడిచేసే రేడియేటర్ చల్లబడిపోయింది. ఓనర్‌కి ఫోన్ చేస్తే రేపు రేపు అన్నాడు, మీ అన్నయ్యకి అప్పుడు ఏడాదిన్నర, స్వెటర్ మీద స్వెటర్ వేసి మా ఇద్దరి మధ్యలో పడుకోబెట్టుకుని, ఓవెన్ వెలిగించి తలుపు తీసి పెట్టాం, అది ఎంత ప్రమాదమో అప్పుడు తెలీదు, నువ్వు మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. పిల్లాడికి దగ్గు, ఆయాసం, హాస్పిటల్. తర్వాత పై అంతస్తులో ఉండే ముసలావిడ చెప్పింది, ప్రతి డిసెంబర్ ఇంతేనమ్మా, బాయిలర్ పోతుంది, వారం పడుతుంది అని. ఆ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఆ ఇంటి గడప తొక్కేవాళ్ళం కాదు.

ఆవిడ చెప్పిన ముక్క ఇప్పుడు నువ్వు హైదరాబాద్‌లో కూర్చునే చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. న్యూయార్క్ సిటీలో ఇళ్ళ బాగోగులు చూసే డిపార్ట్‌మెంట్‌ని హెచ్‌పీడీ అంటారు, వాళ్ళ హెచ్‌పీడీ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో బిల్డింగ్ అడ్రస్ కొడితే చాలు. క్వీన్స్ అడ్రస్‌లో డోర్ నంబర్ మధ్యలో అడ్డగీత ఉంటుంది, అది వదిలేయకు, బరో, అంటే సిటీలోని ఐదు భాగాల్లో ఏది అన్న చోట కూడా క్వీన్స్ అని పెట్టు, లేకపోతే వేరే బిల్డింగ్ చదివి సంబరపడిపోతావు. బ్రోకర్ అసలు అడ్రస్సే ఇవ్వడం లేదంటే ఆ ఇల్లు అక్కడితో వదిలెయ్.

అందులో కంప్లైంట్లు వేరు, వయొలేషన్లు వేరు. కంప్లైంట్ అంటే అద్దెకున్నవాళ్ళు సిటీ వాళ్ళ ఫిర్యాదుల నంబర్ 311కి ఫోన్ చేసి చెప్పింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి కళ్ళారా చూసి, అవును తప్పుంది అని రాస్తే అది వయొలేషన్. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే, వాళ్ళని లోపలికి రానివ్వకపోతే కంప్లైంట్ ఊరికే క్లోజ్ అయిపోవచ్చు, అందుకని క్లోజ్‌డ్ అని ఉంది కదా బాగుచేశారులే అనుకోవద్దు.

వయొలేషన్లకి ఏ, బీ, సీ అని క్లాసులుంటాయి. ఏ అంటే చిన్నాచితకా, సరిచేయడానికి 90 రోజులు టైం ఇస్తారు. బీ కొంచెం ప్రమాదం, 30 రోజులు. సీ అంటే వెంటనే ప్రమాదం, చాలావాటికి 24 గంటలే, సీసం కలిసిన పెయింట్ లాంటి వాటికి 21 రోజులు. హీట్ లేకపోవడం, వేడినీళ్ళు రాకపోవడం సీలోకే వస్తాయి. అన్నిటికంటే ముందు అవి చూడు. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా ఓనర్ హీట్ ఇచ్చి తీరాలి, పగలు బయట 55 ఫారెన్‌హీట్ కంటే తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి, అంటే మన లెక్కలో 20 డిగ్రీలు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట ఎలా ఉన్నా లోపల 62 ఉండాలి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది, మొత్తం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి భయపడిపోతారు, లేదా తక్కువున్నాయని ధైర్యపడిపోతారు. ఆరిళ్ళ బిల్డింగ్‌లో పది వయొలేషన్లూ వందిళ్ళ బిల్డింగ్‌లో పదీ ఒకటి కాదు. పదిహేనేళ్ళ కిందటిది ఇంకా ఓపెన్ అని కనపడితే, అది బాగుచేసి కూడా కాగితాలు పెట్టకుండా వదిలేసింది అయ్యుండొచ్చు. నువ్వు తేదీలు చూడు నాన్నా. 2022 డిసెంబర్‌లో హీట్ కంప్లైంట్, 2023 డిసెంబర్‌లో మళ్ళీ, 2024 జనవరిలో మళ్ళీ, వేరే వేరే ఫ్లాట్ల నుంచి, అంటే అది బాయిలర్ సమస్య కాదు, ఓనర్ సమస్య. అదే ఒక చలికాలం నాలుగు కంప్లైంట్లు వచ్చి తర్వాత మూడేళ్ళు ఏమీ లేకపోతే ఓనర్ డబ్బు పెట్టి బాగుచేయించాడని నేనైతే అనుకుంటాను, అలాంటి ఇల్లు నాకు ఇష్టమే.

ఫ్లాట్ నంబర్లు కూడా రాసుంటాయి. నీకు ఇస్తామన్న ఫ్లాట్ చూడు, సరిగ్గా దాని పై ఫ్లాట్ కూడా చూడు, ఎందుకంటే లీకేజీ వచ్చేది పైనుంచే, ఆ తర్వాత గోడకి నల్లగా బూజు పడుతుంది, ఫోటోల కోసం దానిమీద తెల్లరంగు కొట్టేస్తారు. పైన పటారం లోన లొటారం.

పాప ఉంది కాబట్టి ఇంకో రెండు. 1960కి ముందు కట్టిన బిల్డింగ్ అయితే సీసం పెయింట్ వయొలేషన్ ఏదైనా ఉందా చూడు, అది చిన్నపిల్లల మెదడుకి హాని చేస్తుంది, ఆరేళ్ళలోపు పిల్లలుంటే ఓనర్ తనంతట తనే చెక్ చేయించాలని ఇక్కడ చట్టం. పిల్లలు కిందపడకుండా కిటికీలకి పెట్టే గార్డులు కూడా అడుగు, పదేళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలుంటే పెట్టి తీరాలి. నల్లుల సంగతి కూడా, గత ఏడాదిలో ఆ బిల్డింగ్‌లో నల్లులున్నాయా లేదా అన్నది లీజుతో పాటు రాసిచ్చే ఫారం ఒకటుంటుంది, సంతకం పెట్టేముందే అడిగి తీసుకో, ఒకసారి పట్టాయంటే వదిలించుకోవడం చాలా కష్టం.

ఈ ఇల్లు కుదరక వేరేవి చూస్తే, చవగ్గా వస్తోందని బేస్‌మెంట్‌కి మాత్రం వెళ్ళొద్దు. 2021 సెప్టెంబర్‌లో ఐడా తుఫాను వానకి క్వీన్స్‌లో బేస్‌మెంట్లలో ఉన్నవాళ్ళు నీళ్ళలో చిక్కుకుని చనిపోయారు, ఆ రాత్రి మా వీధిలో కూడా నీళ్ళు, నేను తలుచుకోలేను. అలాంటి చిన్న ఇళ్ళకి హెచ్‌పీడీ రికార్డు ఖాళీగా కనపడొచ్చు, ఖాళీగా ఉంది కాబట్టి మంచిదనుకోవద్దు, వీసా కాగితాలు లేక కంప్లైంట్ చేయడానికి భయపడేవాళ్ళు ఉండి ఉండొచ్చు. అక్కడ మనుషులు ఉండొచ్చా లేదా అన్నది బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీలో ఉంటుంది.

డబ్బు సంగతి, డిపాజిట్ ఒక నెల అద్దెకి మించి అడగకూడదు. 2025 జూన్ నుంచి ఓనర్ పెట్టుకున్న బ్రోకర్‌కి ఫీజు ఓనరే ఇచ్చుకోవాలి, నిన్ను అడిగితే ఇవ్వనని చెప్పు.

రికార్డులో ఏదైనా ఓపెన్‌గా కనపడితే గొడవ పడక్కర్లేదు, ఇది ఎప్పటికి సరిచేస్తారు అని ఈమెయిల్‌లో మర్యాదగా అడుగు, ఫోన్‌లో వద్దు, చేస్తామంటే అది లీజులో రాయించు. రాయడానికి ఒప్పుకోలేదంటే చెయ్యరనే అర్థం.

అడ్రస్, ఫ్లాట్ నంబర్ ఇవాళే నాకు పంపు. శనివారం పొద్దున గణేశ్ టెంపుల్‌కి వెళ్ళి అట్నించి నేనూ పెదనాన్నా అక్కడికి వెళ్తాం. ఫ్లాట్ తలుపు వదిలేస్తే దానంతట అది మూసుకుంటుందో లేదో చూస్తాను, 2022 జనవరిలో బ్రాంక్స్‌లో 17 మంది పోయిన అగ్నిప్రమాదంలో తలుపులు మూసుకోకే పొగ అంతా మెట్లమీదకి వచ్చేసింది. కుళాయి తిప్పి వేడినీళ్ళు ఎంతసేపటికి వస్తాయో చూస్తాను. లిఫ్ట్ దగ్గర ఎవరో ఒకరు, ముఖ్యంగా ముసలివాళ్ళు, దొరక్కపోరు, పోయిన చలికాలం హీట్ ఎలా వచ్చిందో వాళ్ళనే అడుగుతాను. నేను ఫోన్ చేసేదాకా డాలర్ కూడా పంపకు. కోడలికి చెప్పు, పాపకి మందపాటి జాకెట్ అక్కడ కొనొద్దు, ఇక్కడ నేను తీసి పెడతాను.

మీ పెద్దమ్మ